సత్రం గోడ డొల్ల కాదు

మొన్న మా ఇంటికి ఇద్దరు పిల్లలు వచ్చారు. పిల్లలంటే పాతికేళ్ళ వాళ్ళు, నా వయసుకు పిల్లలే. బెంగుళూరులో ఇళ్ళు గీసే చదువేదో చదువుతున్నారట. మదనపల్లెలో బాహుదా ఒడ్డున ఒకప్పుడు ఏయే కట్టడాలు ఉండేవో పటం తయారు చేస్తున్నామని, నేను పాతకాలపు మేస్త్రి మనవరాలినని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చామని అన్నారు. చాపంత కాగితం తెచ్చి నేల మీద పరిచారు. ఏటి మెట్లు, బండలతో కట్టిన గట్టు, వర్తకుల మిద్దెలు, లాయరుగారి మేడ, బండ్లు విడిచే మెట్ట, అన్నీ వరసగా ఉన్నాయి. సత్రం ఉండే చోట మాత్రం చుక్కల గీత గీసి, పక్కన సన్నటి అక్షరాలతో రాశారు: “శిథిలమై ప్రమాదకరంగా ఉన్నందున తొలగించబడినది.”

“ఈ మాట మీకెవరు చెప్పారు నాయనా?” అన్నాను.

“పాత రిపోర్టులో ఉంది అవ్వా. ఇంజనీరు సంతకం కూడా ఉంది” అన్నాడు కుర్రాడు.

కాఫీ ఇచ్చాను. అడిగినవన్నీ చెప్పాను. ఏ మిద్దెకు ఎన్ని స్తంభాలో, ఏ వాకిలి ఎటు తెరుచుకునేదో వేలితో చూపించాను. ఆ ఒక్క వాక్యం దగ్గరికి వచ్చేసరికి వేలు పక్కకు జరిపేశాను. వాళ్ళు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాక నా మీద నాకే ఒళ్ళు మండింది. వాళ్ళ ముందు చెప్పలేనిది కాగితం మీదైనా చెబుదామని కూర్చున్నాను.

మేం దాన్ని బాహుదా అనేవాళ్ళం కాదు, ఏరు అనేవాళ్ళం. ఏడాదిలో పది నెలలు అది ఇసుకే. చెలమలు తోడుకుని నీళ్ళు తెచ్చుకునేవాళ్ళు, చాకిరేవు బండల మీద బట్టలు ఆరేవి, మేం పిల్లలం ఇసుకలో గూళ్ళు కట్టేవాళ్ళం. మిగిలిన రెండు నెలల్లో ఎప్పుడో ఒకనాడు, పైన ఎక్కడో వాన పడి, ఎర్రనీళ్ళు ఒక్కసారిగా వచ్చి పడేవి. వంతెన లేని రోజుల్లో ఏరు వచ్చిందంటే బండ్లు అటువి అటే, ఇటువి ఇటే నిలిచిపోయేవట. రెండు రోజులో మూడు రోజులో నీళ్ళు తగ్గేదాకా పడిగాపులు. అట్లా ఆగిపోయిన వాళ్ళకు ఒక ముద్ద కూడూ, తల దాచుకునే చోటూ ఉండాలని పుంగనూరులోని ఒక పెద్ద కుటుంబం వాళ్ళు ఏటిగట్టు మీద సత్రం కట్టించారు. కట్టింది మా తాతకు తాత.

అది మేడ కాదు. ఒంటి అంతస్తు. అయినా ఏట్లో నిలబడి చూస్తే కోటలాగా కనపడేది. ఏటివైపు గోడ అడుగున వెడల్పుగా మొదలై పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉండేది, నీళ్ళు వచ్చి కొట్టినా జారిపోయేందుకు. ముందు వసారాకు ఎనిమిది రాతి స్తంభాలు. ఒక్కో స్తంభానికి ఒక్కో బొమ్మ. చిలక, ఉడుము, బిందె ఎత్తుకున్న ఆడమనిషి, ఒకదాని మీద టోపీ పెట్టుకుని చుట్ట తాగుతున్న దొర. ఆ దొర ముక్కు మీద మేం రోజూ మసి పూసేవాళ్ళం. లోపల నడిమధ్య ఆకాశం కనిపించే తొట్టి, దాని చుట్టూ నాలుగు వైపులా నడవాలు, పైన టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నం పోసిన మిద్దె. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా గచ్చు మీద పడుకుంటే వీపు చల్లగా ఉండేది.

నేను ఎరిగేనాటికి వంతెన వచ్చేసింది. ఏటికి ఆగే బండ్లు లేవు. అయినా సత్రం ఖాళీగా ఉండేది కాదు. ఆసుపత్రిలో మనిషిని చేర్పించి యాడుండాలో తెలియక వచ్చిన పల్లెటూరి వాళ్ళు, సంతకు గొర్రెలు తోలుకొచ్చిన కురబలకోట వాళ్ళు, గుర్రంకొండ నుంచి చింతపండు అమ్మడానికి వచ్చినవాళ్ళు దిగేవాళ్ళు. వాళ్ళందరికీ వండిపెట్టేది సత్రమవ్వ. ఆమె అసలు పేరు మాకు తెలియదు, అడగాలని కూడా తోచలేదు. వాళ్ళమ్మ అక్కడే వండింది, ఆ తర్వాత ఈమె. పెళ్ళయిన రెండో ఏడే మొగుడు పోతే తిరిగొచ్చి, సత్రం వెనక గదిలో ఉండిపోయింది. ఆ గది తప్ప ఆమెకు భూమ్మీద చోటు లేదు. పుంగనూరు నుంచి నెలకోసారి రాగులూ, బియ్యమూ, పప్పులూ వచ్చేవి. వాటితోనే ఎవరొచ్చినా కడుపు నింపి పంపేది.

ఇప్పుడు నేను ఎంత బాగా వండినా ఆమె పితికిపప్పు రుచి రాదు. చలికాలం వస్తే అనపకాయలు కుప్పలు పోసేవాళ్ళు. గింజలు ఒలిచి నానబెట్టి, మమ్మల్నందరినీ తొట్టి చుట్టూ కూర్చోబెట్టి పితికించేది. గింజను వేళ్ళ మధ్య నొక్కితే పప్పు ఎగిరి దూకేది. మేం గురి చూసి ఒకరి మొహాన ఒకరం కొట్టుకునేవాళ్ళం. “ఏందే మీ యవ్వారం! సగం పప్పు గోడలకే తినిపిస్తాండారు” అని అరిచేది గానీ, వేడి సంగటి ముద్ద మీద ఆ పులుసు పోసి ముందు మాకే పెట్టేది. ఆ మసాలా వాసన ఏటి ఇసుక దాకా వచ్చేది.

సత్రానికి ఏ మరమ్మతు వచ్చినా మా తాతే చేసేవాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సున్నంలోనే ఉండేవాడు. చేతులు పగిలి బీటలు వారితే ఆముదం రాసుకునేవాడు. సున్నపురాయి కాల్చి, తడిపి, ఎద్దును కట్టి గానుగలో ఇసుకతో కలిపి నూరించేవాడు. కరక్కాయలు దంచి బెల్లంతో పెద్ద బానలో నానబెట్టి, పులిసిన ఆ నీళ్ళు పోసి సున్నం కలిపేవాడు. ఆ బాన దగ్గర పుల్లటి, వగరు వాసన. సిమెంటు మూటలు ఊళ్ళోకి అప్పుడే వస్తున్నాయి. తాత వాటిని చూసి మూతి తిప్పేవాడు.

ఆయన విద్య ఇంకొకటి ఉంది. తాపీ పిడితో గోడను తట్టి, చెవి పెట్టి వినేవాడు. గట్టి గోడ ఖంగుమంటుంది. లోపల గార వదిలేసి ఉంటే బోలుగా పలుకుతుంది. దాన్నే డొల్ల అంటారు. మదనపల్లెలో ఎవరు పాత ఇల్లు కొనాలన్నా, మిద్దె మీద ఇంకో గది వేయాలన్నా మా తాతను పిలిచి తట్టించేవాళ్ళు. ఆయన “బాగుండాది” అంటే కొనేవాళ్ళు, తల ఊపితే మానేసేవాళ్ళు. ఇద్దరన్నదమ్ములు గోడ మీద తగవు పడినా ఆయన తాపీయే తీర్పు. ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు.

ఆయన చెవి ఎంతటిదో నాకు నా దొంగతనంతోనే తెలిసింది. ఒకసారి సత్రం వంటింటి గోడకు గార పూస్తున్నప్పుడు బానలో వేయడానికి పెట్టిన బెల్లం అచ్చు నేను ఎత్తుకుపోయాను. ఏట్లోకి పోయి నలుగురం పంచుకు తిన్నాం. ఆ బెల్లం లేకుండానే ఆ పూట సున్నం కలిసింది. ఎవరూ కనుక్కోలేదని సంబరపడ్డాను. నెల తర్వాత తాత ఆ గోడను తట్టుకుంటూ వచ్చి ఒక జాగాలో ఆగాడు. మళ్ళీ తట్టాడు. నా వైపు తిరిగాడు.

“ఈ జానెడు జాగాలో బెల్లం తక్కువ పడిండాదే. ఎవురి కడుపులోకి పాయ పాపా?”

నేను ఏడుపు మొదలుపెట్టాను. కొట్టలేదు. ఆ జానెడు జాగా నా చేతే గీకించి, కొత్త సున్నం నా చేతే కలిపించి, నా చేతే పూయించాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని తాపీ పిడితో గోడంతా తట్టించాడు. “ఇను. ఈడ ఎట్లుండాది? ఇప్పుడీడ?” అంటూ నడవాలు నాలుగూ తిప్పాడు. సత్రమవ్వ వాకిట్లో నిలబడి నవ్వుతోంది. “మేస్త్రన్నా, మీ కొడుక్కు అబ్బనిది మనవరాలికి అబ్బతాండాది” అంది. ఆ ఏడాది మొత్తం నేను కనిపించిన గోడనల్లా తట్టేదాన్ని. బళ్ళో గోడ తట్టి అయ్యవారి చేత దెబ్బలు కూడా తిన్నాను.

మీ కొడుకు అంటే మా నాయన. ఆయనకు సున్నం పని చేతకాక కాదు, పిలిచేవాళ్ళు లేక ఇంట్లో ఉండేవాడు. కొత్తగా ఇళ్ళు కట్టేవాళ్ళందరూ సిమెంటు కావాలంటున్నారు. నాయన సిమెంటు పని నేర్చుకున్నాడు గానీ, పెద్ద పని ఒక్కటైనా చేసి చూపిస్తే తప్ప ఎవరూ నమ్మి ఇవ్వరు. గడ్డం పెంచుకుని అరుగు మీద కూర్చునేవాడు. అమ్మ అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. తాత ఆయన వైపు చూడకుండా ఇంట్లోకీ బయటికీ నడిచేవాడు.

ఒకరోజు పుంగనూరు నుంచి కబురు వచ్చింది. సత్రం కట్టించిన కుటుంబంలో అప్పటికి పెత్తనం చేస్తున్న పెద్దాయన తాతను రమ్మన్నాడు. నాకు బడి సెలవు, వెంటపడితే తీసుకుపోయాడు. వాళ్ళ ఇంటి వెనక కొట్టంలో నా నడుమంత ఎత్తుండే పొట్టి ఆవులు ఉన్నాయి. నేను వాటి దగ్గర నిలబడి వాళ్ళు ఇచ్చిన మైసూరుపాకు తింటున్నాను. వసారాలో మాటలు వినపడుతున్నాయి.

“మేస్త్రీ, ఆ జాగాలో కల్యాణ మండపం కట్టాలనుకుంటాండా. ఊరోళ్ళు సత్రం తీసేయొద్దని గలాటా చేస్తాండారు. ఇంజనీరును పిలిపిస్తా. వాళ్ళు ఎట్లైనా నిన్నే తట్టి సెప్పమంటారు, నాకు తెలుసు.”

తాత ఏమన్నాడో వినపడలేదు.

“నీ కొడుకు సిమెంటు పని నేర్సుకునుండాడంట గదా. మండపం పనంతా ఆయనకే ఇస్తా. ఆలోసించుకో.”

నాకు అందులో అర్థమైంది ఒక్కటే, నాయనకు పని దొరుకుతుందని. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అదే అడిగాను. తాత కిటికీ చువ్వ పట్టుకుని బయటికి చూస్తూ కూర్చున్నాడు. “గమ్మునుండు పాపా” అన్నాడు.

ఇంజనీరు వచ్చిన రోజు ఏటిగట్టు వీధి వీధంతా సత్రం ముందే ఉంది. అంగళ్ళ వాళ్ళు అంగళ్ళు వదిలేసి వచ్చారు. ఇంజనీరు మంచివాడే. గోడలు చూసి, దూలాలు చూసి, “బయటికి బాగానే ఉంది, లోపల ఎలా ఉందో?” అని గొణిగాడు. అప్పుడు సత్రమవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందుకు వచ్చింది.

“అయ్యా, మాకు వేరే పరీచ్చలొద్దు. మేస్త్రన్న తట్టి సెప్పనీ. ఆయన డొల్లంటే ఈ పొద్దే మూట ఎత్తుకోని పోతా. గట్టిదంటే మీరు కాయితం మీద అట్లే రాసుకోండి.”

“అంతే, అంతే” అన్నారందరూ. ఇంజనీరు కూడా ఒప్పుకున్నాడు. నా గుండె ఎంత ఉప్పొంగిందో చెప్పలేను. ఊరంతా మా తాత చేతికి తల వంచింది, ఇంకేం కావాలి నాకు? టోపీ దొర స్తంభం పక్కన నిలబడి, ఇక సత్రానికి ఏమీ కాదనుకున్నాను.

తాత తాపీ తీసుకుని ఏటివైపు గోడ దగ్గరికి పోయాడు. తట్టాడు. ఖంగుమంది. నాకు ఎంత స్పష్టంగా వినపడిందో ఇప్పటికీ గుర్తే.

“డొల్ల” అన్నాడు తాత.

ఇంకోచోట తట్టాడు. ఖంగుమంది. “ఈడా డొల్లే.” నడవాలో తట్టాడు. నేను పూసిన వంటింటి గోడా తట్టాడు. ప్రతిచోటా గోడ నిజం చెబుతోంది, ప్రతిచోటా తాత అబద్ధం చెబుతున్నాడు. చెవులున్న అందరికీ ఆ చప్పుడు వినపడింది. కానీ మేస్త్రి నోటితో చెప్పాక తమ చెవులను ఎవరు నమ్ముతారు? “వచ్చే వానకు నిలబడదు సార్” అన్నాడు చివరికి, గోడ వైపే చూస్తూ. ఇంజనీరు రాసుకున్నాడు.

గోడ గట్టిదేనని అరవాలని నాకు నోటిదాకా వచ్చింది. సత్రమవ్వ తాత వైపు చూడలేదు. తిన్నగా నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

ఆమె అన్న మాట ప్రకారం ఆ రోజే మూట కట్టింది. కుప్పంలో దూరపు తమ్ముడొకడు ఉన్నాడని బస్సెక్కింది. పొయ్యి మీద ఉన్న పప్పు దించి, ఆ పూట సత్రంలో దిగినవాళ్ళకు వడ్డించి మరీ వెళ్ళింది. మా ఇంటి ముందు నుంచే పోయింది. తాత లోపల ఉన్నాడు. బయటికి రాలేదు.

తర్వాత ఊరికి నిజం తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. వచ్చే వానకు నిలబడదన్న సత్రం గడ్డపారలకు లొంగలేదు. వారంలో అయిపోతుందన్న పని రెండు నెలలు సాగింది. కూలీల చేతులు బొబ్బలెక్కాయి. “ఇంత గట్టిదాన్ని డొల్లన్నోడు ఎవుడప్పా!” అని వాళ్ళు వీధిలో అరుస్తుంటే అంగళ్ళ వాళ్ళు మా ఇంటి వైపు చూసేవాళ్ళు. ఆ తర్వాత తాతను గోడ తట్టడానికి ఒక్కరు పిలిచి ఉంటే ఒట్టు. రాతి స్తంభాలు లారీ ఎక్కి ఎటో పోయాయి. నా బెల్లం జాగా ఏ పెళ్ళలో పోయిందో తెలియదు.

నేను తాతతో మాట్లాడటం మానేశాను. అన్నం పెట్టమని అమ్మ చెబితే కంచం దూరంగా పెట్టి వచ్చేదాన్ని. ఒకరోజు ఆగలేక అడిగేశాను.

“యాల తాతా? యాల అట్ల సెప్పితివి?”

ఆయన నములుతున్న వక్క బుగ్గన పెట్టుకున్నాడు.

“మీ నాయన మొగం సూసినావా ఈ నడుమ?” అన్నాడు. “నవ్వతాండాడు.”

నిజమే. నాయన గడ్డం గీసుకున్నాడు. పొద్దున్నే లేచి టేపు చేత్తో పట్టుకుని పోతున్నాడు. మండపం పునాది రోజున నాకు నెమలికంఠం రంగు పట్టు పావడా కుట్టించాడు. దాన్ని కట్టుకోనని మొండికేద్దామనుకున్నాను. కట్టుకున్నాను. కట్టుకుని నలుగురికీ తిరిగి చూపించాను కూడా. ఆ మండపం తర్వాత నాయనకు పనులకు కొదవ లేదు. నేను చదివిన చదువూ, మా కొత్త ఇల్లూ అన్నీ దాని మీదే నిలబడ్డాయి. తాత నన్ను మోసం చేశాడని ఎన్నేళ్ళు రగిలిపోయానో, అన్నేళ్ళూ ఆ మోసం పెట్టిన కూడే తిన్నాను.

ఐదారేళ్ళు గడిచాయి. తాత పోయాడు. ఒక పెళ్ళికి అమ్మా నేనూ కుప్పం పోయాం. రైలుస్టేషను వెనక వీధిలో నడుస్తుంటే పితికిపప్పు వాసన వచ్చింది. వంగి ఉన్న ఒక తాటాకు పందిరి కింద సత్రమవ్వ పొయ్యి ఊదుతోంది. జుట్టు మొత్తం తెల్లబడింది. నన్ను పేరు పెట్టి పిలిచింది. అమ్మ పెళ్ళివాళ్ళింటికి పోతే నేను అక్కడే కూర్చుండిపోయాను. ఆకు వేసి సంగటి పెట్టింది. నాయన బాగున్నాడా అని అడిగింది, నా చదువు అడిగింది. తాత సంగతి అడగలేదు.

మొదటి ముద్ద తిరిగి ఆకులోనే పెట్టేశాను. “అవ్వా, ఆ పొద్దు మా తాత అబద్ధం సెప్పినాడు” అన్నాను.

“తెలుసు పాపా. అప్పుడే తెలుసు. నీ మొగం సూస్తే తెలీలా!” అంది, పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ. “ఆయనకు కొడుకుండాడు. కొడుకు కోసరం సెప్పినాడు. నువ్వెవరి కోసరం గమ్మునుంటివి?”

“చిన్నదాన్ని గదవ్వా. నేను సెప్పింటే ఎవురింటారు?”

సత్రమవ్వ గరిటె పట్టుకుని నా ఎదురుగా వచ్చి కూర్చుంది. కోపం లేదు ఆమె కళ్ళల్లో. అది ఉన్నా తట్టుకునేదాన్ని.

“నేను ఇనేదాన్ని గదమ్మా” అంది.

నా ఆకులో ఇంకో గరిటెడు పులుసు పోసింది.